నాయనకు ట్రామ్ చూపించాలి: కోల్‌కతా ట్రామ్ మ్యూజియం చూసినవాళ్ళు ఉన్నారా?

మిర్యాలగూడ మిల్లు:
వచ్చే నెల నాయనను తీసుకొని ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నా. నాయనకు 79 ఏళ్ళు. రిటైరైన టీచర్, ఒకప్పుడు పార్టీ మనిషి. చిన్నప్పుడు మాకు చెప్పిన కథలు రెండే. ఒకటి మన సాయుధ పోరాటం, రెండోది కలకత్తా ట్రామ్ టికెట్ గొడవ. 1953లో బ్రిటిష్ కంపెనీ సెకండ్ క్లాస్ టికెట్ మీద ఒక్క పైసా పెంచితే ఊరు ఊరంతా రోడ్డెక్కిందట. "ఒక్క పైసాకురా!" అని ఇప్పటికీ వేలెత్తి చూపిస్తాడు. ఇంతా చేసి ట్రామ్‌ను ఎన్నడూ కళ్ళతో చూడలేదు.

2024 సెప్టెంబర్‌లో అక్కడి సర్కారు ట్రామ్‌లు ఆపేస్తామని, మైదాన్–ఎస్ప్లనేడ్ ముక్క ఒక్కటే ఉంచుతామని చెప్పింది కదా. అది పేపర్లో చదివినప్పటి నుంచి పోదాం పోదాం అని ఒకటే పోరు. మ్యూజియంలో నిజంగా చూసేది ఏమైనా ఉందా, లేక నాలుగు ఫొటోలు తగిలించి ఊరుకున్నారా? ఆయనకు మోకాళ్ళ నొప్పులు, అదే నా టెన్షన్. హౌరా నుంచి ఎట్లా పోవాలి?

పాలమూరు బాటసారి:
అన్నా, నేను నాలుగేళ్ళు అక్కడ పని చేశాను. దాని పేరు స్మరణిక. ఎస్ప్లనేడ్ ట్రామ్ డిపోలోనే ఉంటుంది. ధర్మతలా అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పెద్ద బిల్డింగ్ అనుకొని పోవద్దు. 1938 నాటి రెండు పెట్టెల ట్రామ్‌నే 2014లో మ్యూజియం చేశారు. ఒక పెట్టెలో పాత టికెట్లు, కండక్టర్ టోపీలు, బ్యాడ్జీలు, ఫొటోలు. ఇంకో పెట్టెలో టీ, టిఫిన్. అరగంటలో అయిపోతుంది, కానీ మీ నాయన లాంటివాళ్ళకు గంట చాలదు. 1873లో గుర్రాలు లాగిన ట్రామ్‌తో మొదలై, 1902లో కరెంటు ట్రామ్ దాకా వచ్చిన కథ అది.

హౌరా నుంచి టాక్సీ ఎందుకు? స్టేషన్ కిందనే మెట్రో. హుగ్లీ నది అడుగు నుంచి పోతుంది, ఎస్ప్లనేడ్ రెండో స్టాప్. కాకపోతే ఫలక్‌నుమా సాయంత్రానికి గానీ హౌరా చేరదు. ఆ రాత్రి పండుకొని మర్నాడు పోండి. వేళలు ముందే కనుక్కోండి.

నల్లగొండ టీచరమ్మ:
మా అమ్మను తీసుకెళ్ళాను తమ్ముడూ, ఆమెకూ మోకాళ్ళే. రోడ్డు మధ్యలో మాత్రం ట్రామ్ ఎక్కించకు. పట్టాలు నడిరోడ్డున ఉంటాయి, పక్కనుంచి బస్సులు దూసుకొస్తాయి, మెట్టు ఎత్తు. డిపోలో బండి ఖాళీగా నిలబడినప్పుడే ఎక్కించు, తీరిగ్గా కూర్చుంటారు. ముందు పెట్టెలో డ్రైవర్ వెనకాల చోటు పట్టు. ఆయన కాలితో తొక్కితే టంగ్ టంగ్‌మని గంట మోగుతుంది. మా అమ్మకు మ్యూజియం కంటే అదే నచ్చింది.

మిర్యాలగూడ మిల్లు:
పోయొచ్చాం. అక్కా, నీ మాట వినబట్టి బతికిపోయాం, డిపోలోనే ఎక్కించా. మ్యూజియంలో టికెట్ల దగ్గర నాయన పది నిమిషాలు కదల్లేదు. అద్దాలు నెత్తికి, మళ్ళీ ముక్కు మీదికి. అక్కడున్న మనిషి హిందీలో చెప్పబోతే ఈయన మన నల్లగొండ ఉర్దూలో అందుకున్నాడు. ఒక్క పైసా సంగతి ఈయనే ఆయనకు చెప్పాడు! ఆయన నా దిక్కు చూసి నవ్వాడు.

తర్వాత పక్క పెట్టెలో టీ తాగాం. బిల్లు నా చేతిలోంచి లాక్కొని దూరంగా పట్టుకొని చదివి, "ఏమిరా, దీనికి రోడ్డెక్కరా వీళ్ళు?" అన్నాడు.