మందారానికి పిండినల్లి: మందు కొట్టాలా, వద్దా?

మేడతోట, మారతహళ్లి:
రెండు వారాలుగా నా మూడు మందారాలకూ తెల్లగా దూదిలా పిండినల్లి పట్టింది. చివుళ్లు ముడుచుకుపోయాయి, మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. నర్సరీ అతను ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టమన్నాడు. ఈ పూలే రోజూ పూజకు కోస్తాం. కొట్టొచ్చా అండీ?

సర్జాపుర వాసి:
కొట్టండి. వేపనూనెతో నేను రెండు నెలలు తంటాలు పడ్డాను. పిండినల్లి ఒంటి మీద మైనం పూత ఉంటుంది, పైన కొట్టిన మందు జారిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్ అయితే మొక్క రసంలోకి ఎక్కుతుంది, ఆ రసం పీల్చిన పురుగు చస్తుంది. నాకు ఒక్కసారికే పీడ వదిలింది.

హెబ్బాళ తోటమాలి:
రసంలోకి ఎక్కుతుందన్నారే, నా భయం అదే. పుప్పొడిలోకీ తేనెలోకీ కూడా చేరుతుంది. తేనెటీగలకు హాని అనే ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పంటలకు దీన్ని నిషేధించింది. మన మందారాలకు తేనెపిట్టలు కూడా వస్తాయి కదా.

మేడతోట గారూ, ముందు చీమల సంగతి చూడండి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినడానికొచ్చే పురుగులను తరిమేస్తాయి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దాని మీద కుండీ పెట్టండి. గోడకు తగిలే కొమ్మలు కత్తిరించండి. ముడుచుకున్న చివుళ్లు తుంచి కవర్లో కట్టి పారేయండి. తర్వాత సాయంత్రం పూట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఒక్కసారితో పోదు, వారం వారం కొట్టాలి.

కొట్టేముందు ఒక్కటి గమనించండి. ఆ తెల్లవాటిలో కొన్ని పెద్దగా, ఒళ్లంతా కుచ్చులతో, చకచకా నడుస్తున్నాయా? అవి క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లలు. పిండినల్లే వాటి తిండి. చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటాయని చేతులారా చంపేస్తాం. నేనూ చంపాను, ఇప్పటికీ బాధే.

సర్జాపుర వాసి:
మూడు కుండీలకు సరేనండీ. నాకు నలభై ఉన్నాయి, ఉద్యోగం ఉంది. ఒక్కో చివురూ తుంచే తీరికేదీ?

హెబ్బాళ తోటమాలి:
ఇబ్బంది నిజమే. బాగా పట్టిన మొక్కను సగానికి కత్తిరించేయండి, మందారం మళ్లీ చిగురిస్తుంది. ఇక పురుగుల సాయమంటారా, అది చిన్నది కాదు. 2008లో కోయంబత్తూరులో కనబడ్డ బొప్పాయి పిండినల్లి మందారాన్నీ వదల్లేదు. 2010లో మన బెంగళూరు హెబ్బాళలోని వ్యవసాయ కీటకాల జాతీయ పరిశోధన సంస్థ (ఇప్పటి ఎన్‌బీఏఐఆర్) పోర్టోరికో నుంచి తెప్పించిన అసెరోఫేగస్ అనే బుల్లి కందిరీగే దాన్ని అణిచింది. నలభై కుండీలున్న మీకే ఇలాంటి పురుగుల సాయం ఎక్కువ కావాలి.

మేడతోట, మారతహళ్లి:
ఇప్పుడే చూసొచ్చాను. చీమలు బారులు తీరి ఉన్నాయి. కుచ్చులున్నవి రెండు నడుస్తున్నాయి! ఆ కొమ్మ జోలికి వెళ్లను. ఇటుకలు తెస్తున్నాను.