140 కోట్ల మందికి ఉచిత వైద్యం మన దేశం భరించగలదా?

మా నాన్నగారికి షుగర్, బీపీ. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, కానీ అది ఆస్పత్రిలో చేరితేనే అక్కరకొస్తుంది. ప్రతి నెలా మందుల షాపులో కట్టేది మా జేబులోంచే. మొన్న అమ్మ పది రోజుల మాత్రలే తెచ్చి, మిగతావి జీతం వచ్చాక చూద్దాం అంది. ఆ సగం స్ట్రిప్పు చూసి మనసు చివుక్కుమంది.

థాయిలాండ్ 2002లోనే 30 బాట్ల పథకంతో (వెళ్లిన ప్రతిసారీ 30 బాట్లు, అంటే అక్కడి కరెన్సీ, కడితే చాలు) ఓపీ (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం), మందులు కూడా ఇచ్చింది. అప్పటికి అదేం ధనిక దేశం కాదు. మన 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఖర్చును 2025కల్లా జీడీపీలో 2.5 శాతానికి పెంచుతామంది. అంత పెడితే అందరికీ ఓపీ, మందులు సరిపోతాయా? లేక డబ్బు కన్నా డాక్టర్ల కొరతే అసలు అడ్డంకా? ఆరోగ్య శాఖలో పనిచేసినవాళ్లు, ఈ లెక్కలు తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.