మూడో తరగతి బాబు తెలుగు ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు, ఇంట్లో ఎలా చదివించాలి?

ఉప్పల్ అమ్మ:
మావాడిది ఇంగ్లీష్ మీడియం. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే, నోరు మూతపడదు. పుస్తకం తీస్తే మాత్రం గుణింతాల వరకు బాగానే లాగుతాడు, ఒత్తు వచ్చిందంటే నా మొహం వంక చూస్తాడు. ‘నువ్వు చదివి చెప్పు’ అని గోల. ట్యూషన్ పెట్టించడం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

నాగోల్ నాన్న:
వర్ణమాల మళ్లీ మొదటి నుంచి రాయించండి. రోజూ ఒక పేజీ.

రిటైర్డ్ తెలుగు టీచర్:
మళ్లీ రాయించొద్దమ్మా, ఉన్న ఇష్టం కూడా పోతుంది. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే. పోలిక లేకుండా ఉండేవి ముఖ్యంగా త, న, మ, య, ర, ల. వాడు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరేనేమో ఒకసారి గమనించు. అదే అయితే ఆ ఆరు చాలు, ఫ్రిజ్ మీద అంటించు.

మీది ఉప్పల్ కదా, మెట్రోలో సికింద్రాబాద్ వైపు తీసుకెళ్లు. స్టేషన్ బోర్డులు వాడినే చదవమను. ఉప్పల్‌లో ప ఒత్తు, హబ్సిగూడలో స ఒత్తు, తార్నాకలో న ఒత్తు, మెట్టుగూడలో ట ఒత్తు. పేరు ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు, కన్ను ఒత్తు మీదే నిలుస్తుంది. తార్నాకలో దిగితే ‘మంచి పుస్తకం’ వాళ్లున్నారు. తెలుగూ ఇంగ్లీషూ కలిసి ఉండే పిల్లల పుస్తకాలు కూడా వేస్తారు. కొనే ఉద్దేశం లేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, కష్టాన్ని బట్టి స్థాయిలు కూడా ఉంటాయి. క్లాసు చూడకు, ఒకటో స్థాయి నుంచే మొదలుపెట్టు.

ఇంకోటి. తప్పు చదవగానే అందుకోకు. ‘అమ్మ అన్నం వండింది’ని ‘అమ్మ అనం వండింది’ అన్నాడనుకో, వాక్యం అయ్యేదాకా ఊరుకో. మాట్లాడే తెలుగు బాగుంది కాబట్టి చెవికే తేడా తెలిసి చాలాసార్లు వాడే వెనక్కి వెళ్తాడు. అప్పటికీ వెళ్లకపోతే నువ్వే మామూలుగా చదివేసి ముందుకు నడువు.

నాగోల్ నాన్న:
రాయకుండా చదవడం ఎలా వస్తుంది సార్? మేమంతా పలక మీద దిద్దే నేర్చుకున్నాం.

రిటైర్డ్ తెలుగు టీచర్:
సార్ కాదు బాబూ, మేడమ్‌ని. దిద్దించు, కాదనను. కానీ కథ చదివే టైములో పలక తీయకు.

ఉప్పల్ అమ్మ:
థాంక్స్ మేడమ్. మా అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయింది, పేపర్ చదవలేకపోతున్నారు. వాడితో రాశిఫలాలు చదివించుకుంటానంటున్నారు. చదివించనా?

రిటైర్డ్ తెలుగు టీచర్:
‘కార్యసిద్ధి’, ‘ధనవ్యయం’ దగ్గర పిల్లాడు పారిపోతాడమ్మా! ముందు సినిమా వార్తల హెడ్డింగులు చదవమను. రాశిఫలం ఆవిడదొక్కటే, అదీ చివర్లో.