అమ్మ పూలబండికి గుర్తింపు పత్రం ఎలా?

ప్రశ్న: మా అమ్మ గుడి ముందు బండి మీద పూలు అమ్ముతుంది. తెల్లవారకముందే మార్కెట్టుకు వెళ్లి మల్లెలు, కనకాంబరాలు తెచ్చి, అరటినార తడిపి మాల కట్టి, మూర లెక్కన అమ్ముతుంది. పెట్టుబడికి రోజువారీ వడ్డీవాళ్లే దిక్కు. 9,000 చేతిలో పెట్టి 10,000 వసూలు చేస్తారు. మొన్న మున్సిపల్ సిబ్బంది బండితో సహా బుట్ట తీసుకెళ్లారు. రసీదు లేదు. సాయంత్రానికి పూలన్నీ వడలిపోయాయి. ఎవరిని అడగాలి?

జవాబు 1: తమ్ముడూ, 2014 వీధి వ్యాపారుల చట్టం చూడండి. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకునే ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు తీసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పూలు, కూరగాయల్లాంటివి అడిగిన రోజే తిరిగివ్వాలి. నోటిమాటగా కాదు, కమిషనర్ పేరిట అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉంటేనే రేపు మీ మాట నిలుస్తుంది.

జవాబు 2: వడ్డీ సంగతి నన్ను మరీ బాధపెట్టింది. అమ్మను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కార్యాలయానికి తీసుకెళ్లండి. వీధి వ్యాపారులకు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం స్వనిధిలో మొదటి విడత అప్పు ఇప్పుడు 15,000 రూపాయలు. హామీ అక్కర్లేదు. గుర్తింపు కార్డు లేకపోతే సిఫారసు లేఖ అడగండి. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది.

జవాబు 3: అదే చట్టం కింద వీధి వ్యాపారాల కోసం ఏర్పడే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు. మీ ఊరి కమిటీలో ఆ మహిళలెవరో కనుక్కోండి. గుడి దగ్గర అమ్మేవాళ్లంతా కలిసి వెళితే ఇంకా మంచిది.

ప్రశ్న అడిగినవారు: సోమవారం పక్కబండి పిన్నిని కూడా తీసుకుని వెళుతున్నాం. అర్జీ ఈ రాత్రే రాస్తాను.