పోస్ట్‌ఫిక్స్ బడిలోనే నేర్పాలా, బీటెక్ దాకా ఆగాలా?

కావలి లెక్కల టీచర్:
మా స్టాఫ్ గ్రూపులో మళ్ళీ అదే లెక్క తిరగతా ఉంది, 6 ÷ 2(1+2) ఎంత అని. సగం మంది 9 అంటారు సగం మంది 1 అంటారు, బోడ్‌మాస్ పేరు చెప్పి ఒకరి మీద ఒకరు అరుచుకుంటా ఉండారు. గుర్తుని అంకెల మధ్యలో పెట్టబట్టే కదా ఏది ముందు చెయ్యాలనే రూల్ కావాల్సొచ్చింది. గుర్తు చివర్లో పెట్టి చూడండి, దీన్నే పోస్ట్‌ఫిక్స్ అంటారు, గుర్తు రాగానే దాని ముందు మిగిలున్న రెండు అంకెల మీద ఆ పని చెయ్యాల. 6 2 ÷ 1 2 + × అంటే 9, 6 2 1 2 + × ÷ అంటే 1. ఇంకో అర్థం తియ్యడానికి సందే లేదు. ఏడో తరగతిలో బోడ్‌మాస్ పక్కనే ఇదీ ఒక వారం చెప్పాలని నా వాదన.

ఒంగోలు సీఎస్‌ఈ ఫైనలియర్:
ఒప్పుకోను మేడం. మాకు బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టులో వచ్చింది ఇది, మామూలు లెక్కని పోస్ట్‌ఫిక్స్‌లోకి మార్చేటప్పుడు గీసే స్టాక్ (దొంతర) టేబుల్‌ని చాలామంది బట్టీ కొట్టి గట్టెక్కారు. (7+2)×(9−4) చూడగానే రెండు ముక్కలు కంటికి ఆనతాయి, అదే 7 2 + 9 4 − × అని ఇస్తే చివరి ఇంటూ దేనికీ దేనికీ అని వేలు పెట్టి వెనక్కి వెతుక్కోవాల. మిషన్‌కి సుఖమే, చదివే మనిషికి కష్టం.

నెల్లూరు రిటైర్డ్ ప్రోగ్రామర్:
తమ్ముడూ, ఇది మిషన్ కోసం పుట్టింది కాదు. 1924లో పోలెండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషేవిచ్ బ్రాకెట్లు లేకుండా తర్కం రాయడానికి గుర్తుని ముందు పెట్టాడు, అప్పటికి కంప్యూటర్ యాడుంది? అందుకే ప్రిఫిక్స్‌ని పోలిష్ నొటేషన్ అంటారు, తిరగేస్తే రివర్స్ పోలిష్, అదే మన పోస్ట్‌ఫిక్స్. 1972లో వచ్చిన హెచ్‌పీ 35 క్యాలిక్యులేటర్‌లో అసలు ఈక్వల్ మీటే లేదు, 7 కొట్టి ఎంటర్, 2 కొట్టి ప్లస్, అంతే, 9 కనపడుద్ది. చేత్తో లెక్కలేసుకునే ఇంజనీర్లే దాన్ని వాడింది. ఇక ఆ టేబుల్ సంగతంటావా, అది డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో రాసిన షంటింగ్ యార్డ్ పద్ధతి, బిట్రగుంట రైల్వే యార్డులో పెట్టెల షంటింగ్ చూసినోళ్ళకి చెప్పబళ్ళేదు, అంకె వస్తే నేరుగా ముందుకి పోనిస్తాం, గుర్తు వస్తే పక్క లైన్లో ఆపి దానికంటే తక్కువ బలం గుర్తో సమానం గుర్తో వచ్చినప్పుడు వదుల్తాం. టేబుల్ గీయించారు గానీ ఈ మాట చెప్పలేదు మీకు, అదీ బాధ.

కందుకూరు అకౌంటెంట్:
రొయ్యల చెరువుల ఖాతాలు రాసేవాణ్ణి, నాకు ప్రిఫిక్సే నచ్చుద్ది. ఎక్సెల్‌లో సమ్ అని ముందు కొట్టి తర్వాత గళ్ళు ఇస్తాం, పని ఏందో ముందే తెలిసిపోద్ది. మధ్యలో గుర్తు పెట్టే దాన్ని మాత్రం నమ్మను, మైనస్ 3 స్క్వేర్ అని ఎక్సెల్‌కి ఇస్తే 9 అంటది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి ఇస్తే మైనస్ 9 అంటది. రూల్స్ వేరే.

కావలి లెక్కల టీచర్:
చదవడం కష్టమన్నారు గదా, ఆ లెక్కనే నోటితో చెప్పండి. ఏడూ రెండూ కలుపు, తొమ్మిదీ నాలుగూ తీసెయ్, వచ్చిన రెంటినీ గుణించు. 7 2 + 9 4 − ×, వరస కూడా మారలేదు. క్రియ చివర్న పెట్టి మాట్లాడే పిల్లోళ్ళకి ఇది పరాయి పద్ధతి ఎట్టవుద్ది? పేపర్ ముక్కల మీద అంకెలు రాసి బల్ల మీద దొంతర పెట్టిస్తాను, గుర్తు రాగానే పైన రెండు ముక్కలు తీసి జవాబు ముక్క పెట్టాల. చివరికి ఒక్క ముక్కే మిగలాల, ఎక్కువ మిగిలినా మధ్యలో ముక్కలు చాలకపోయినా లెక్క రాసిందాంట్లో తేడా ఉందని వాళ్ళే కనుక్కుంటారు.

ఒంగోలు సీఎస్‌ఈ ఫైనలియర్:
తెలుగు వరస పాయింట్ బాగుంది మేడం. కానీ మైనస్ 5 అనే అంకెకీ తీసివేతకీ ఒకటే గుర్తైతే పోస్ట్‌ఫిక్స్‌లో తికమక కాదా? 53 కీ, 5 3 కీ మధ్య ఖాళీ పెట్టడం మర్చిపోతే? పైగా పదో తరగతి పబ్లిక్‌లో ఇట్ట రాస్తే మార్కులు ఎవరు వేస్తారు?

నెల్లూరు రిటైర్డ్ ప్రోగ్రామర్:
మైనస్‌కి హెచ్‌పీ వాళ్ళు గుర్తు మార్చే మీట వేరేగా పెట్టారు, ఖాళీ పని ఎంటర్ చేసుద్ది. కాగితం మీదైతే కామా పెట్టుకోవచ్చు.

కావలి లెక్కల టీచర్:
పబ్లిక్‌లో రాయమని నేను అనలేదు, అక్కడ మామూలుగానే రాస్తారు. బోడ్‌మాస్ అనేది మనుషులు పెట్టుకున్న ఒప్పందం, లెక్కలో పుట్టిన సత్యం కాదని ఏడో తరగతి పిల్లోడికి తెలియాల, దానికి ఇంకో పద్ధతి పక్కన పెట్టి చూపించకుండా కుదరదు. మీ బట్టీ టేబుల్ కంటే ముందు ఈ ముక్కల ఆట ఆడుంటే ఫైనలియర్‌లో ఇట్ట అడిగేవాళ్ళు కాదు మీరు.