‘బోసెన్ ఎల్లియాంట్’లో తండ్రి ఈల వేసే చరణం

‘బోసెన్ ఎల్లియాంట్’ను హార్ప్ (తీగలను వేళ్ళతో మీటే నిలువు వాద్యం) మీద వినిపించి జోలపాటగా పరిచయం చేయడం జరిగింది; నిజానికి అది ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రిటనీ ప్రాంతపు ‘గ్వెర్జ్’, అనగా విషాద కథాగేయం. ఎల్లియాంట్ అనే ఊరిని ప్లేగు ఊడ్చుకుపోవడమే దాని ఇతివృత్తం. పల్లెల్లో గ్వెర్జ్‌ను వాద్యం తోడు లేకుండా ఒట్టి గొంతుతోనే పాడేవారు. 1953లో జోర్డ్ కొషెవెలూ హార్ప్ తయారుచేసి తన కుమారుడు అలన్ చేతికిచ్చిన తరువాతనే ఆ వాద్యం అక్కడ మళ్ళీ నిలదొక్కుకుంది. కనుక మాటలు లేని బాణీని విన్నవారికి మృత్యువు స్ఫురించకపోవడం సహజమే.

ఊరిలో 7,100 మంది పోయారని పాట చెబుతుంది. అంత పెద్ద సంఖ్యను నేను అతిశయోక్తిగానే తీసుకుంటాను. గుండె పట్టుకునేది దాని వెనుక వచ్చే చరణం. ఒకే ఇంటి బిడ్డలు తొమ్మిదిమందిని ఒకే బండిలో వేసి కన్నతల్లి శ్మశానానికి లాగుకుపోతుండగా, మతి చెడిన తండ్రి ఈల వేసుకుంటూ వెనుక నడుస్తాడు. ఆయన దుఃఖాన్ని వర్ణించే పని కవి పెట్టుకోలేదు. తల్లి మాత్రం తన బిడ్డలను మట్టిలో కలిపితే, గుడి గోడల చుట్టూ మూడుసార్లు తిరిగేంత మైనపు తాడు సమర్పిస్తానని దైవానికి మొక్కుకుంటుంది. ప్రాణాలు కాపాడమని కాక పూడ్చిపెట్టమని మొక్కుకోవలసి రావడం కంటే ఆ ఊరి దుస్థితికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

1839లో ‘బర్జాజ్ బ్రెయిజ్’ సంకలనంలో దీనిని ప్రకటించిన లా విల్‌మార్కే, సంఘటన ఆరవ శతాబ్దిదని వాదించాడు. బ్రిటనీని ప్లేగు పదిహేడవ శతాబ్ది దాకా పలుమార్లు పీడించింది కనుక ఆ కాలనిర్ణయాన్ని నేను అంగీకరించలేను. ఆయన పాటలను తానే కల్పించాడన్న ఆరోపణ కూడా చాలాకాలం నడిచింది; 1964లో పరిశోధకుడు దొనాసియెన్ లొరాన్‌కు దొరికిన విల్‌మార్కే సేకరణ పుస్తకాలను బట్టి, ఆయన జనం నోటి నుండి పాటలు రాసుకున్న మాట నిజమేననీ, తరువాత వాటిని బాగా దిద్దాడనీ తేలింది.

ప్లేగు తెల్లని దుస్తులు ధరించిన స్త్రీ రూపంలో వచ్చిందనీ, ఎవరో తెలియక పిండిమర నడిపే ఒకడు ఆమెను గుర్రంపై ఏరు దాటించాడనీ అక్కడ ఒక కథ ఉంది. గుట్టు బయటపెట్టి పాట కడితే మహమ్మారి పారిపోతుందని కూడా నమ్మేవారు. ఆ నమ్మకం ప్రకారం చూస్తే, పాడేవారు వినేవారిని ఏడిపించడానికి కాక రోగాన్ని ఊరి పొలిమేర దాటించడానికే ఇన్ని శవాలను లెక్కపెట్టారని నాకు తోస్తుంది.