సిటీలో 30 స్పీడుకి వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ ఎందుకు?

కూకట్‌పల్లివాలా:
నిన్న జేఎన్‌టీయూ దగ్గర ఫొటో కొట్టారు. నాకు హెల్మెట్ ఉంది, వెనక మా ఆవిడకి లేదు. సాయంత్రానికి ఫోన్‌లో చలానా. ఇంటి నుంచి రైతుబజారుకి రెండు కిలోమీటర్లు. ఆ ట్రాఫిక్‌లో బండి 30 దాటితే గొప్ప. హైవే మీదైతే నేనే పెట్టిస్తా. సిటీలో ఇది వసూళ్ల కోసం కాకపోతే దేనికి? వాదించేవాళ్లు రండి.

నైట్ డ్యూటీ సిస్టర్:
అన్నా, మీరు స్పీడు లెక్క చూస్తున్నారు, నేను ఎత్తు లెక్క చెప్తా. ఐదడుగుల ఎత్తు నుంచి తల కిందికి వస్తే నేలకి తగిలేసరికి గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగం ఉంటుంది. బండి ఆగి ఉన్నా అంతే. ఇక తగిలేది సీసీ రోడ్డుకో, డివైడర్ అంచుకో.

క్యాజువాలిటీలో పదకొండేళ్లుగా చూస్తున్నా. నడిపేవాళ్లు పడితే చేతులు ముందుకు పెడతారు. మణికట్టు, భుజం దగ్గర ఎముక, మోకాలి కింద కాలు. వెనక ఒక పక్కకి కూర్చున్న ఆడవాళ్లు వెల్లకిలా పడతారు, తల వెనక భాగం కొట్టుకుంటుంది. మొన్న ఒకావిడ స్పీడ్ బ్రేకర్ దగ్గర జారి పడింది. లేచి కూర్చుంది, నీళ్లు తాగింది, "ఏం కాలేదు, ఇంటికి పోదాం" అంది. ఆటోలో వాంతి, ఆ తర్వాత మత్తు. లోపల రక్తం గడ్డ కడుతోంది. సర్జరీకి తీసుకెళ్లేటప్పటికి కుంకుమ బొట్టు కూడా చెదరలేదు. టైమ్‌కి తెచ్చారు కాబట్టి బతికింది.

పాత స్కూటర్ మెకానిక్:
సిస్టర్ చెప్పింది నిజం. ఇంకోటి కూడా ఉంది. కొత్త బండి కొన్న కుర్రాళ్లు ముందు పీకించేది శారీ గార్డే. "లుక్కు పోయింది అంకుల్" అంటారు. వెనక చక్రం సగమైనా మూసేలా గార్డు, పట్టుకోడానికి పిడి, కాలు పెట్టుకోడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలని రూలే ఉంది. చున్నీ చక్రంలో చుట్టుకుంటే మనిషిని వెనక్కి లాగేస్తుంది, దానికి బండి 30లో ఉంటే చాలు. నా షెడ్డులో పీకిన గార్డులు ఒక బస్తాడు ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా.

ఉప్పల్ నడకరి:
అందరూ బండ్ల గురించే. కేంద్ర రవాణా శాఖ లెక్కలో 2022లో దేశమంతా రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచేవాళ్లు 32,825. మాకు ఏ హెల్మెట్ పెడతారు? జంక్షన్లు మూసి యూటర్న్‌లు పెట్టారు, బండి ఎక్కడా ఆగదు, మేం దాటేది ఎప్పుడు? ఉప్పల్‌లో స్కైవాక్ వచ్చింది, సంతోషం. మిగతా చోట్ల చెయ్యి చాపుకుంటూ దేవుడి మీద భారం వేసి దిగడమే. ఆ యూటర్న్ దూరమని రాంగ్‌రూట్‌లో వచ్చేవాడు ఒకడు. మనం కుడి పక్కకి చూస్తుంటే ఎడమ నుంచి వచ్చి గుద్దుతాడు.

కూకట్‌పల్లివాలా:
అదే కదా నేనూ అనేది! రోడ్డు సరిగ్గా వేయకుండా హెల్మెట్ మీద పడటం ఏంటి?

రాత్రి క్యాబ్:
రెండూ ఉండాలి బ్రో. పగలు ట్రాఫిక్ మనల్ని కాపాడుతుంది. రాత్రి పదకొండు దాటాక అదే రోడ్డు ఖాళీ, 80కి తక్కువ ఎవడూ పోడు. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి కారు కింద పడి, కింద ఉన్న ఆవిడ చనిపోవడం గుర్తుందా? ఫ్లైఓవర్ మూసి, మళ్లీ తెరిచేటప్పుడు స్పీడు 40కి కట్టేశారు. అంటే తప్పు డ్రైవర్ ఒక్కడిదేనని వాళ్లూ అనుకోలేదన్నమాట.

నైట్ డ్యూటీ సిస్టర్:
గుంతలు పూడ్చమని నేనూ అడుగుతా. కానీ పూడ్చేదాకా తల ఖాళీగా తిప్పమంటారా? అదే 2022 లెక్కలో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మా దగ్గరికి వచ్చి కుట్లు వేయించుకుని, "కేసు వద్దు సిస్టర్, మేమే జారి పడ్డాం" అని వెళ్లిపోయేవాళ్లలో చాలామంది ఏ లెక్కలోకీ రారు. మీరు చూసే అంకె కన్నా దెబ్బలు ఎక్కువే. చట్టం నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ అంటుంది. ట్యాంకు మీద కూర్చోబెట్టే బాబుకి ఎవరన్నా పెట్టడం చూశారా?

కూకట్‌పల్లివాలా:
చలానా మీద నా కోపం పోలేదు, అది వేరే సంగతి. ఒకటి కొంటా. కానీ మా ఆవిడకి పెద్ద జుట్టు, పైకి చుట్టి క్లిప్పు పెడుతుంది. షాపులో పెట్టి చూస్తే తల మీదకి దిగలేదు. పెద్ద సైజు తీసుకోవాలా?

నైట్ డ్యూటీ సిస్టర్:
వద్దు, పెద్దది పడేటప్పుడు ఊడిపోతుంది. క్లిప్పు తీసి జడ వేసుకోమనండి, తలకి పట్టిన సైజే తీసుకోండి. గడ్డం కింద పట్టీ బిగించాలి, ఊరికే వేలాడదీస్తే లెక్కలోకి రాదు. పూలు పెట్టుకున్న రోజు గొడవ మాత్రం మీరే పడాలి.